చక్రమ్మ తిప్పిన వార్తలు

ఆ రోజుల్లో దేశం మొత్తానికి ఒకటే టీవీ, ఆ టీవీకి ఒకటే వార్తలు, ఆ వార్తలకి ఒకటే గొంతు. ఆ గొంతు గల మనిషిని ఆఫీసులో అందరూ కంఠం గారు అనేవారు. సాయంత్రం ఏడింటికి ఆయన తెర మీదికి వచ్చాడంటే అల్లరి చేసే పిల్లల్ని కసిరి కూర్చోబెట్టేవారు. ఆయన చదివే తీరు కంటే ఆగే తీరు గొప్పదని జనం చెప్పుకునేవారు. మంత్రి పేరు ముందు కాస్త ఆగుతాడు. వరదల్లో పోయినవాళ్ళ లెక్క చెప్పాక ఇంకాస్త ఆగుతాడు. "అబ్బ, ఆ ఆగడంలోనే ఉంది చూడు మనసంతా" అనేవారు.

మనసూ లేదు, మట్టీ లేదు. ఆ ఆగడం చక్రమ్మది.

కెమెరా ముందు ఒక వాలు అద్దం ఉండేది. దాని కింద ఒక పెట్టె, పెట్టెలో తిరిగే కాగితపు చుట్ట. వార్తల్ని బొటనవేలంత అక్షరాలతో టైపు చేసి, కాగితాల్ని జిగురుతో ఒకదానికొకటి అతికించి, చుట్ట చుట్టి ఆ పెట్టెలో పెడితే అక్షరాలు అద్దంలో కిందినుంచి పైకి పోతూ ఉంటాయి. చదివే మనిషి వాటిని చూసి చదువుతాడు. ఇంట్లో కూర్చున్నవాళ్ళకి మాత్రం తమ కళ్ళలోకే చూసి చెబుతున్నట్టుంటుంది. టైపు చేసేది, అతికించేది, కెమెరా పక్కన స్టూలు మీద కూర్చుని తిప్పేది అంతా ఒక్క మనిషే. మొదట్లో చేత్తో తిప్పే చక్రం ఉండేది కాబట్టి ఆవిడకి చక్రమ్మ అని పేరు పడింది. తరవాత చక్రం పోయి కరెంటు మీట వచ్చింది, దాని పక్కన వేగం చూపే ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వచ్చాయి, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. వార్తలకి రెండున్నర. మంత్రి పేరు ముందు రెండు. చావుల వార్త అయ్యాక పూర్తిగా ఆపేసి, మనసులో మూడంకెలు లెక్కపెట్టుకుని మళ్ళీ తిప్పేది. చదవడానికి ముందర అక్షరాలు లేవు కాబట్టి కంఠం గారు ఆగేవాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

ఇంకో సంగతి. ఆయన ముందుగా ఒక్క ముక్క చదివి చూసుకునేవాడు కాదు. "కంటపడగానే చదవగలిగినవాడే చదువరి" అని మేకప్ కుర్చీలో కాళ్ళు బారజాపుకుని అందరికీ పాఠం చెప్పేవాడు. ఎనిమిదేళ్ళుగా ఏది తిరిగితే అది చదివాడు. ఒకసారి ఆయనకి జలుబు చేసింది. పాపం కదా అని చక్రమ్మ రెండు వార్తల మధ్య 'ఇక్కడ ఆగి గొంతు సవరించుకోండి' అని టైపు చేసింది. ఆయన దాన్ని కూడా అదే గంభీరమైన గొంతుతో దేశమంతటికీ చదివి వినిపించాడు. ఇంట్లో చక్రమ్మ అత్తగారు బుద్ధిగా గొంతు సవరించుకుంది. అంత పెద్దాయన చెప్పాడంటే ఏదో జబ్బు తిరుగుతూ ఉండి ఉంటుందని ఆవిడ ఇప్పటికీ వాదిస్తుంది. తిట్లు మాత్రం చక్రమ్మకే పడ్డాయి.

ఆ ఏడాది వార్తలకి ఇంకో మనిషి కావాలని పరీక్ష పెట్టారు. పేరిచ్చినవాళ్ళలో చిలకమ్మ ఉంది. ఆ పేరు కూడా ఆఫీసులో మగవాళ్ళు పెట్టిందే. ఆరేళ్ళుగా ఒక కార్యక్రమానికీ ఇంకోదానికీ మధ్య తెర మీదికి వచ్చి "ఇప్పుడు మీరు చూడబోయేది" అని చెప్పే అమ్మాయి. ఆమెకి గోనెసంచులకొద్దీ ఉత్తరాలు వచ్చేవి. పువ్వుల పెంపకం గురించి చెప్పొచ్చు, పిల్లల పాటల గురించి చెప్పొచ్చు, వార్తలు మాత్రం చదవకూడదు. ఎందుకయ్యా అంటే అల్మరాలో ఒక ఫైలుంది. రెండేళ్ళ క్రితం ఒకావిడకి పరీక్ష పెట్టి చూశాం, నాలుగు వాక్యాలు చదవలేకపోయింది, ఆడవాళ్ళ నోట వార్త నిలవదు అని అందులో రాసిపెట్టారు. ఒక్క ఆడమనిషి తడబడితే ఆడజాతి మొత్తం తడబడినట్టే మరి.

పరీక్షకి ముందు రోజు వార్తల విభాగం పెద్దాయన చక్రమ్మని తన గదికి పిలిపించాడు. ఆయన్ని అందరూ పెద్దసారు అంటారు.

"కూర్చోమ్మా" అన్నాడు. ఆవిడ ఆ ఆఫీసులో చేరి తొమ్మిదేళ్ళయింది, ఆ గదిలో కూర్చోమనడం అదే మొదలు. "నీ పర్మనెంటు కాగితం వచ్చింది. నా సంతకం ఒక్కటే తక్కువ. క్వార్టర్సు కూడా అడిగావు కదూ?"

"అవును సార్. రెండు గదులదైనా చాలు."

"అయిపోతుందిలే. రేపు చిలకమ్మకి పరీక్ష ఉంది కదా. పోయినసారిలాగే నాలుగు మీద పెట్టు."

చక్రమ్మ మామూలుగానే అడిగింది. "అందరికీ నాలుగేనా సార్?"

పెద్దసారు కలం మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "మగవాళ్ళది ఎల్లుండి. వాళ్ళకి రోజూలాగే రెండున్నర. ఆ పిల్లకే నాలుగు. అద్దం మావైపు ఉండదు, ఎవరికీ తెలీదులే. ఆడపిల్లకి లేనిపోని ఆశలు పెట్టడం ఎందుకు, దానికీ మంచిది కాదు."

చక్రమ్మ వెనక్కి లెక్క చూసుకుంది. పోయినసారి కూడా నాలుగు మీద తిప్పింది తనే. పరీక్షంటే నాలుగే, అది రూలు అని ఈయన చెబితే నిజమే కాబోలు అనుకుంది. మగవాళ్ళ పరీక్ష రోజున తనకి సెలవిచ్చారు. అడక్కుండా సెలవిచ్చారని సంతోషించింది కూడా. ఆ రోజు పరీక్షకి వచ్చినావిడ కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. నాలుగో వాక్యం దగ్గర మాటలు ఒకదాని మీదొకటి పడిపోయి, చెమటలు కక్కుకుంటూ కుర్చీలోంచి లేచింది. పోతూ పోతూ చక్రమ్మ చెయ్యి పట్టుకుని, "మీ టైమంతా పాడు చేశానండీ. నా నాలుకకి ఏమొచ్చిందో తెలీలేదు" అంది. చక్రమ్మ ఆవిడకి మంచినీళ్ళిచ్చి ఓదార్చి పంపింది. తన చేత్తోనే పీక నొక్కి, తన చేత్తోనే మంచినీళ్ళిచ్చిందన్నమాట. ఆవిడ రెండేళ్ళుగా తన నాలుకనే తిట్టుకుంటూ ఉంటుంది.

"ఏమ్మా, అర్థమైందా?"

"అర్థమైంది సార్" అని లేచి వచ్చేసింది. ఇంకేమంటుంది? కాగితం ఆయన బల్ల మీద ఉంది.

ఆ కాగితం సంగతి కూడా చెప్పుకోవాలి. చక్రమ్మ వాళ్ళు బావగారింట్లో ఒక గదిలో ఉంటున్నారు. గది మధ్య తాడుకి దుప్పటి కట్టి, అటు అత్తగారు, ఇటు మొగుడూ పెళ్ళాలూ. అచ్చాఫీసులో పనిచేసే మొగుడు దగ్గితే అవతలినుంచి అత్తగారు మందు పేరు చెబుతుంది. ఆఫీసు క్వార్టర్సులో మంచం ఏ గోడకి వెయ్యాలో చక్రమ్మ ఆర్నెల్ల కిందటే అనుకుని పెట్టుకుంది.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పింది. మొగుడు చెడ్డవాడు కాదు, భయస్తుడు. "నువ్వు తిప్పకపోతే ఇంకొకడు తిప్పుతాడు. ఆ అమ్మాయికి వచ్చేదీ లేదు, మనకి ఉన్నదీ పోతుంది" అన్నాడు.

అత్తగారు దుప్పటి పక్కకి లాగి తల బయటపెట్టింది. "కంఠం గారంతటి మనిషి చదివే చోట ఆడపిల్ల కూర్చుంటే ఎవరు నమ్ముతారే? ఆయన ఆగినట్టు దానికి ఆగడం వస్తుందా?"

"ఆ ఆగేది నేనత్తయ్యా."

"ఊరుకో. ఇంకాసేపుంటే ఆయన ఊపిరి కూడా నువ్వే పీలుస్తున్నానంటావు."

చక్రమ్మకి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఇంట్లోనే నమ్మనిది లోకం నమ్ముతుందా అనుకుంది.

మర్నాడు పొద్దున పదింటికి స్టూడియోలో పరీక్ష. డైరెక్టరు, పెద్దసారు, పై ఆఫీసు నుంచి వచ్చిన కళ్ళజోడు అధికారి వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. సలహా చెప్పడానికి కంఠం గారు కూడా వచ్చాడు. చిలకమ్మ వార్తల కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ కంఠం గారి కాళ్ళకి తగ్గట్టు బిగించింది, ఆమె పాదాలు నేలకి ఆనలేదు. దించమని అడిగితే, "ఒక్క పరీక్షకి ఎందుకమ్మా" అన్నాడు పెద్దసారు. ఆమె కుర్చీ అంచుకి జరిగి కూర్చుని, చక్రమ్మ వైపు చూసి తలూపింది.

చక్రమ్మ చెయ్యి మీట మీద ఉంది. పెద్దసారు కూడా తలూపాడు. వేళ్ళు అలవాటుగా మీటని జరుపుకుంటూ పోయాయి. రెండు, మూడు, నాలుగు. నాలుగు దగ్గర వేళ్ళు ఆగగానే కాలేజీ ఆవిడ తడిచెయ్యి మళ్ళీ తన చేతిని పట్టుకున్నట్టనిపించింది. మీట కట్టేసి స్టూలు మీంచి లేచింది.

"సార్, ఒక్క మాట" అంది. ఆ స్టూడియోలో ఆవిడ గొంతు ఎవరూ విని ఎరగరు. ఆ స్టూలు మీది మనిషి మాట్లాడకూడదని రూలు. "పోయినసారి కాలేజీ ఆవిడకి నాలుగు మీద తిప్పమన్నారు, తిప్పాను. ఈవిడకీ నాలుగే అని నిన్న చెప్పారు. మగవాళ్ళకి రెండున్నరట. ఎంత మీద తిప్పాలో ఇప్పుడు అందరి ముందూ చెప్పండి, అంత మీదే తిప్పుతాను."

చెప్పిందెవరో ఆవిడ అననేలేదు. అయినా పెద్దసారు, "నేనెప్పుడన్నాను?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

"నాలుగంటే ఏమిటి?" అని అడిగాడు కళ్ళజోడు అధికారి.

"అదేం లేదు సార్, మిషను సంగతి. ఈమెకి సరిగ్గా తెలీదు."

"నాకు తెలీకపోతే చదివి చూడండి సార్, మీకే తెలుస్తుంది" అంది చక్రమ్మ.

కంఠం గారు పెద్దగా నవ్వాడు. "నాలుగైనా నలభైయైనా చదువరికి ఒకటే" అంటూ చిలకమ్మని లేపి తను కూర్చున్నాడు. చక్రమ్మ నాలుగు మీద తిప్పింది. మొదటి వాక్యం గంటలా మోగింది. రెండోది సగంలో విరిగింది. మూడోదానికి ఆయన నోరు తెరిచేసరికి అది అద్దంలోంచి ఎప్పుడో పోయింది. ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉండి, గుటకలు మింగి, "మిషను పాడైంది" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నదట వెనకటికి ఒకావిడ.

"పాడైందాన్నే నాకూ పెట్టక్కా" అంది చిలకమ్మ. "అదే నాలుగు."

చక్రమ్మకి భయమేసింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. చిలకమ్మ వినలేదు. అంచు మీద కూర్చుని, ఊపిరి తీసుకుని, మొదలుపెట్టింది. కాగితపు చుట్ట చివర దాకా చదివింది. ఒక్క మాట మింగలేదు, ఒక్క పేరు తప్పలేదు. చదువుతుంటే వార్త వార్తలాగే ఉంది.

ఎలా వచ్చింది ఆ పిల్లకి అంటే, వాళ్ళే నేర్పారు. ఆరేళ్ళుగా కంఠం గారి వార్తలు రోజూ నిమిషం ఎక్కువే అవుతాయి. ఉపన్యాసాలు ఇంకా ఎక్కువవుతాయి. ఎవరు ఎంత టైము తినేసినా గడియారం ఆగదు కాబట్టి ఆ కోత చిలకమ్మకే. నలభై సెకన్ల మాటల్ని పదిహేను సెకన్లలో, చిరునవ్వు చెరక్కుండా చెప్పాలి. తను కంఠం గారికి పెట్టిన ఆగడాలన్నీ ఈ పిల్ల సెకన్లలోంచి తీసి పెట్టినవేనని చక్రమ్మకి అప్పుడు తెలిసొచ్చింది. సిగ్గుపడింది, గర్వపడింది కూడా.

కమిటీ తలుపు వేసుకుని అరగంట మాట్లాడుకుంది. మధ్యాహ్నం రెండింటికి పెద్దసారు చేతిరాత కాగితాలు రెండు టైపుకి వచ్చాయి. ఆఫీసులో ఏ కాగితమైనా చక్రమ్మ చేతి మీదుగా పోవలసిందే, ఆవిడ మెడకి తాడైనా సరే. మొదటిదాంట్లో ఇలా ఉంది: 'అభ్యర్థిని మితిమీరిన వేగంతో చదువుతున్నది. వార్తకు కావలసిన గాంభీర్యం లోపించినది. తిరస్కరించడమైనది.' కింద ముగ్గురి సంతకాలూ ఉన్నాయి. కళ్ళజోడు అధికారిది అందరికంటే పెద్దది. రెండో కాగితంలో చక్రమ్మ పర్మనెంటు ఆర్డరు రద్దు చేశామనీ, సోమవారం నుంచి ఆమె రానక్కరలేదనీ ఉంది.

తన ఉద్యోగం పోయిన కాగితం చూసి చక్రమ్మ అంత బాధపడలేదు. అది తను చేతులారా తెచ్చుకున్నదే. రెండు గదులు కళ్ళముందు మెదిలాయి, పోనీ అనుకుంది. మొదటి కాగితం చదివినప్పుడే ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. నెమ్మదిగా చదివితే చేతకాదంటారు, వేగంగా చదివితే పొగరంటారు. ఎటు తిప్పినా వాళ్ళదే పైచెయ్యి. ఇంతమంది చదువుకున్న మగవాళ్ళు కూర్చుని, కళ్ళతో చూసి, చెవులతో విని, అరగంట ఆలోచించి రాసింది ఇదా?

చిలకమ్మ నడవలో కుళాయి దగ్గర మొహం కడుక్కుంటోంది. "ఆరేళ్ళు తొందరగా చెప్పు, తొందరగా చెప్పు అని గోల పెట్టారక్కా" అంది. ఆమె ఏడవడం లేదు. "ఇప్పుడు తొందర ఎక్కువైందంటున్నారు. నీ ఉద్యోగం కూడా పోయిందటగా. నా మూలాన."

"నీ మూలాన కాదు. రెండేళ్ళ కిందట నోరు మూసుకున్నందుకు" అంది చక్రమ్మ. "ఏడింటికి నీ సీట్లో ఉంటావుగా?"

"ఉండక చస్తానా. ఏడుంబావుకి మొక్కల పెంపకం ఉంది."

చక్రమ్మ గదిలోకి వెళ్ళి టైపు మిషను ముందు కూర్చుంది. సాయంత్రం వార్తలవి పెద్దసారు బల్ల మీదికి చిన్నక్షరాల్లో ఒక ప్రతి పోతుంది, దాన్ని ఆయన చూసి సంతకం పెడతాడు. పెద్దక్షరాల చుట్టని ఎవరూ చూడరు. తొమ్మిదేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు విప్పి చూడలేదు, ఆవిడ తప్పు చెయ్యదని వాళ్ళకి అంత నమ్మకం. తప్పు చెయ్యలేదు కూడా. చివరి వార్త తరవాత ఇంకో కాగితం ఎక్కించి, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ టైపు చేసి, జిగురు రాసి అతికించింది. జరిగింది జరిగినట్టే రాసింది. ఆ మనిషికి కల్పించడం రాదు.

ఏడు గంటలు. కంఠం గారు పొద్దుటి సంగతి మర్చిపోయి, నిమ్మకు నీరెత్తినట్టు కుర్చీలో కూర్చున్నాడు. కెమెరాలు రెండే. ఒకటి ఆయన మీద, రెండోది మూలన చిలకమ్మ సీటు మీద. చక్రమ్మ చెవులకి తొడుగు పెట్టుకుని రెండున్నర మీద మొదలుపెట్టింది. మంత్రి గారు వంతెన తెరిచారు. గనిలో పదకొండు మంది పోయారు, చక్రమ్మ మూడు లెక్కపెట్టింది. రేపు జల్లులు పడవచ్చు. అక్షరాలు పోతూనే ఉన్నాయి, ఆయన చదువుతూనే ఉన్నాడు.

"చివరిగా, మన టీవీ కేంద్రం నుంచి ఒక వార్త. వార్తలు చదవడానికి ఈ రోజు జరిగిన పరీక్షలో అక్షరాలను మామూలు కంటే బాగా ఎక్కువ వేగంతో తిప్పారు. ఆ వేగంలో ఒక మహిళ ఒక్క తప్పు లేకుండా చదివారు. చాలా వేగంగా చదువుతున్నారన్న కారణంతో ఆమెను తిరస్కరించారు."

చెవి తొడుగులో, అవతలి కంట్రోలు గదినుంచి, పెద్దసారు గొంతు పేలింది. "ఏమిటది, ఏం చదువుతున్నాడు? కట్ చెయ్." కెమెరాలు మార్చే బటన్ల దగ్గర కూర్చునే అమ్మాయి నెమ్మదిగా అడిగింది, "ఎక్కడికి కట్ చెయ్యను సార్? రెండో కెమెరాలో చిలకమ్మగారున్నారు." "అటు వద్దు, వద్దు" అన్నాడు పెద్దసారు. చక్రమ్మ తొడుగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

తను చదివేది తన చెవికి చేరడానికి కంఠం గారికి ఎప్పుడూ ఒక వాక్యం ఆలస్యం. ఆయన చదువుతున్నాడు, దేశమంతా నమ్మే ఆ గొంతుతో, ఒక్కొక్క మాటకీ బరువిస్తూ.

"రెండేళ్ళ క్రితం ఇదే పరీక్షలో తప్పిన కాలేజీ అధ్యాపకురాలికి కూడా ఇదే వేగంతో తిప్పారు. అమ్మా, తప్పు మీ నాలుకది కాదు."

ఇక్కడ చక్రమ్మ మీట ఆపింది. ఒకటి, రెండు, మూడు. ఎక్కడో ఒక ఇంట్లో ఆవిడ వింటూ ఉండాలని గట్టిగా కోరుకుంది. మళ్ళీ తిప్పింది.

"అదే వేగంలో, ఎనిమిదేళ్ళుగా వార్తలు చదువుతున్న ఒక పెద్దమనిషి మూడో వాక్యం దగ్గరే ఆగిపోయారు."

అప్పుడు చేరింది చెవికి. ఆయన కళ్ళు అద్దంలోంచి బయటికి వచ్చి, కెమెరా పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషిని వెతుక్కున్నాయి. ఎనిమిదేళ్ళలో ఆయన ఆవిడ మొహంలోకి చూడడం అదే మొదలు. చక్రమ్మ తల తిప్పుకోలేదు. కోపంగా, నిబ్బరంగా చూసింది. అద్దంలో ఒక్క వాక్యం మిగిలి ఉంది, దాని కింద అంతా తెల్ల కాగితం. దేశం ఎదురుచూస్తోంది. ఆ చుట్టలో లేని మాట ఆయన ఆ కుర్చీలో కూర్చుని ఇంతవరకు ఒక్కటీ మాట్లాడి ఎరగడు. ఇప్పుడు వెతుక్కున్నా దొరకలేదు. గొంతు సవరించుకుని, ఉన్నదే చదివాడు.

"ఆ పెద్దమనిషిని నేనే."